ఊరిని లేపేస్తే మిగిలిన శిథిలాలు

గ్రీసు వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ యాత్రావ్యాసాలు ఈ మధ్య వెబ్ పత్రికల్లో బాగానే కనిపిస్తున్నాయి. రావడం మంచిదే. ఒకప్పుడు అమెరికా, సింగపూర్ దాటని మన యాత్రలు ఇప్పుడు పెలొపొన్నీస్ కొండల దాకా పోతున్నాయి. కానీ ఓ పది వ్యాసాలు వరసపెట్టి చదివి చూడండి, ఒకే వ్యాసాన్ని పదిసార్లు చదివినట్టుంటుంది. ముందు ఏథెన్స్, అక్రోపొలిస్ మెట్లు, ఎండ. ఆ తర్వాత అసలు సరుకు: కొండ మీద ఒక ఊరు. రాళ్ళు పరిచిన సన్నటి వీధి, రంగేసిన చెక్క తలుపు, తలుపు పక్కన పూలకుండీ, అరుగు మీద నల్లబట్టల ముసలమ్మ. ఆవిడ నవ్వుతుంది. భాష రాకపోయినా ఆప్యాయత అర్థమవుతుంది. (ఆవిడ ఏ వ్యాసంలోనూ విసుక్కోదు. రోజుకు ఎన్ని కెమెరాలకు నవ్వాలో పాపం.) ఊరి చివర విరిగిన స్తంభాలు, వాటి కింద లోయ, లోయ నిండా ఆలివ్ చెట్లు, ఆ చివర సముద్రం. "ఇక్కడ కాలం ఆగిపోయింది" అనే వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. చివర్లో మన ఊళ్ళు ఇలా ఎందుకు లేవని ఓ నిట్టూర్పు.

నా తగువు ఆ కాలం ఆగిపోయిన వాక్యంతో. అది అరిగిపోయిన మాట అని కాదు. అరిగిపోయిన మాటలు అందరం వాడతాం. అది అబద్ధం కావడం నా బాధ. పైగా అది ఊరికే పుట్టిన అబద్ధం కూడా కాదు, ఎవరో డబ్బు పెట్టి, చట్టం చేసి, అవసరమైనచోట సైనికుల్ని దించి తయారుచేసినది. దాన్ని మనం ఉచితంగా మోస్తున్నాం.

డెల్ఫీనే తీసుకుందాం. ఈ వ్యాసాలన్నిటికీ ఇష్టమైన చోటు. ఏథెన్స్ నుంచి బస్సులో మూడు గంటలు. పర్నాసస్ కొండ వాలు మీద, నిటారుగా నిలబడ్డ రెండు పెద్ద బండల కింద అపోలో గుడి శిథిలం. గుడి పైన నాటకశాల, ఇంకా పైన పరుగుపందేల మైదానం. కింద ప్లీస్టోస్ లోయ. దృశ్యం గొప్పది, అందులో సందేహం లేదు. గుడి చూసుకుని, మ్యూజియంలో కంచు రథసారథిని చూసుకుని, రోడ్డు వెంట పావుగంట నడిస్తే డెల్ఫీ ఊరు వస్తుంది. వాలుకు అడ్డంగా రెండు మూడు పొడుగాటి వీధులు, వాటిని కలిపే మెట్లు, హోటళ్ళు, తవెర్నాలు, ప్లాస్టర్ అపోలోలు అమ్మే కొట్లు. మన వ్యాసకర్తలకు ఈ ఊరు పెద్దగా నచ్చదు. టూరిస్టు ఊరు, "అసలైన" గ్రీసు కాదు అని రాసి పక్కనున్న అరాహోవాకో ఇంకో కొండ ఊరికో పోతారు.

ఆ ఊరు అక్కడ ఎందుకుందో అడిగినవాళ్ళు నాకు కనపడలేదు.

1892కు ముందు అక్కడ ఊరు లేదు. ఊరు గుడి మీద ఉండేది. పేరు కాస్త్రి. కోట అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరు. గుడి కూలిన రాళ్ళ మీద, ఆ రాళ్ళతోనే ఇళ్ళు కట్టుకుని మనుషులు తరతరాలుగా బతికారు. మేకలు, ద్రాక్షతోటలు, పిల్లలు, చర్చి. ఎవరి ఇంటి గోడలో చూసినా ఏదో ఒక ప్రాచీన శాసనం తలకిందులుగానో అడ్డంగానో ఇరుక్కుని ఉండేది. పదిహేడో శతాబ్దం నుంచి ఐరోపా యాత్రికులు వచ్చి ఆ శాసనాలు ఎక్కించుకుపోయేవారు. 1809లో బైరన్ వచ్చి ఒక స్తంభం మీద తన పేరు చెక్కుకుపోయాడు. (మన గోల్కొండ గోడల మీద పేర్లు రాసే కుర్రాళ్ళను తిట్టేటప్పుడు ఇది కాస్త గుర్తుపెట్టుకోవచ్చు.) 1870లో భూకంపం వచ్చి కాస్త్రి బాగా దెబ్బతింది. ఊరిని వేరే చోటికి మార్చాలనే మాట అప్పుడు గట్టిగా మొదలైంది.

మార్చడం అంటే ఇళ్ళు కొనాలి. డబ్బు ఎవరు పెట్టాలి? గ్రీసు ప్రభుత్వం దగ్గర లేదు. ఏథెన్స్‌లోని ఫ్రెంచి పురాతత్వ సంస్థ ముందుకొచ్చింది, అమెరికన్లూ ఆశపడ్డారు. బేరాలు పదేళ్ళు సాగాయి. ఇక్కడొక విషయం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఏ యాత్రావ్యాసంలోనూ ఇది ఉండదు: అపోలో గుడి తవ్వకం హక్కు ఎండుద్రాక్షతో ముడిపడింది. ఫ్రాన్సులో ద్రాక్షతోటలు పురుగు పట్టి నాశనమైన రోజులవి. వైన్ తయారీకి గ్రీసు ఎండుద్రాక్షకు అక్కడ గిరాకీ లేచింది. ఆ గిరాకీని నమ్ముకుని గ్రీసు రైతులు ఆలివ్ చెట్లు పీకేసి మరీ ద్రాక్ష వేశారు. మీరు మా ఎండుద్రాక్ష మీద సుంకం తగ్గించండి, మేము మీకు డెల్ఫీ ఇస్తాం, ఇదీ బేరం. చివరికి 1891లో ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి పార్లమెంటు 5 లక్షల ఫ్రాంకులు మంజూరు చేసింది. ఇంతలో ఫ్రాన్సు ద్రాక్షతోటలు కోలుకున్నాయి, సుంకాలు పెరిగాయి, ఎండుద్రాక్ష ధర కుప్పకూలింది, 1893లో గ్రీసు దివాలా తీసింది. ఎండుద్రాక్ష పోయింది, ఊరూ పోయింది.

1892లో తవ్వకం మొదలుపెట్టబోతే ఊరివాళ్ళు అడ్డంపడ్డారు. ఇళ్ళకు రావలసిన డబ్బు చేతికి రాలేదని వాళ్ళ కోపం. పని నడవాలంటే సైనికులు కాపలా నిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇళ్ళు ఒక్కొక్కటే కూలాయి. చిన్న రైలు పట్టాలు వేసి, తోపుడు వ్యాగన్లలో మట్టి, గోడలు, పునాదులు అన్నీ లోయలోకి ఒంపేశారు. తవ్వకం పదేళ్ళు సాగింది. 1893లో ఏథెన్స్ వాళ్ళ ఖజానా భవనం, 1896లో రథసారథి, 1903లో మ్యూజియం ప్రారంభం. ఫ్రెంచివాళ్ళు దీన్ని మహా తవ్వకం అని పిలుచుకుంటారు. ఊరికి కొత్త చోటు, కొత్త పేరు ఇచ్చారు. కాస్త్రి వాళ్ళు డెల్ఫీ వాళ్ళయ్యారు.

ఇప్పుడు మన వ్యాసకర్త చూసి పరవశించిన ఏకాంతం, ఆ నిశ్శబ్దం, కొండగాలి తప్ప ఇంకేమీ వినపడని ఆ శాంతి, ఇదంతా 130 ఏళ్ళ కిందటి కూల్చివేత ఫలితం. ఆ స్తంభాలు కూడా రెండు వేల ఏళ్ళుగా అలా నిలబడి లేవు. ఫొటోల్లో కనపడే గుడి స్తంభాల్ని 1938 తర్వాత మళ్ళీ నిలబెట్టారు. కింద గుండ్రటి మండపం మూడు స్తంభాల్నీ అప్పుడే నిలబెట్టారు. ఏథెన్స్ ఖజానా భవనం 1903–1906 మధ్య ఏథెన్స్ నగరం డబ్బుతో తిరిగి కట్టింది. మా తాత పుట్టేనాటికి ఆ గుడి స్తంభాలు నేల మీద ముక్కలుగా పడున్నాయి. కాలం ఆగిపోయిందట.

"అయితే ఏమంటావు? తవ్వకూడదంటావా? నాలుగు మేకల కొట్టాల కోసం రథసారథిని మట్టిలోనే ఉంచేయాలా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తవ్వకూడదని నేననను. రథసారథి ముందు నిలబడినవాళ్ళెవరూ అలా అనలేరు. ఆ కంటి రెప్పల కంచు వెంట్రుకలు చూశాక మాట రాదు. నేనంటున్నది వేరు. దేనికి దేన్ని ఇచ్చామో లెక్క రాయండి. ఫ్రెంచి పురాతత్వవేత్తలే కూల్చకముందు కాస్త్రి ఫొటోలు తీసి దాచారు. కూల్చినవాళ్ళు రాసి పెట్టుకున్న లెక్కను చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చెరిపేస్తే ఎలా?

ఇంకో సంగతి. తవ్వినప్పుడు మట్టి పొరల్లో ఒక్క అపోలో కాలమే లేదు. ఆ మతం పోయాక కూడా అక్కడ క్రైస్తవ పట్టణం ఉంది, బిషప్ ఉన్నాడు, ఇళ్ళున్నాయి. ఆ పొరలకు పెద్ద మర్యాద దక్కలేదు. ఏ కాలం "ప్రాచీనం", ఏ కాలం చెత్త అని ఒకరు నిర్ణయించారు. ఏథెన్స్ అక్రోపొలిస్ మీదా అదే జరిగింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అది సైనికుల ఇళ్ళతో కిటకిటలాడే ఊరు. పార్థినాన్ లోపల చిన్న మసీదు ఉండేది. స్వతంత్ర గ్రీసు వచ్చాక అవన్నీ ఊడ్చేశారు. ముఖద్వారం మీద మధ్యయుగపు ఎత్తైన బురుజు ఉంటే, ట్రాయ్ తవ్విన ష్లీమాన్ డబ్బిచ్చి 1875లో దాన్ని కూల్పించాడు. 1931 నుంచి అమెరికన్లు, రాక్‌ఫెల్లర్ డబ్బుతో, కొండ కింద వ్రిసాకి అనే పేటలో సుమారు 400 ఇళ్ళు పడగొట్టి పాత అగోరాను బయటికి తీశారు. ఇప్పుడు ఆ పచ్చటి మైదానంలో తాబేళ్ళు తిరుగుతుంటాయి. వాటి ఫొటోలు కూడా మన వ్యాసాల్లో ఉంటాయి, "నగరం నడిబొడ్డున ఈ ప్రశాంతత" అన్న శీర్షికతో.

గుడికీ ఊరికీ సంబంధం లేదనుకోవడం మరో పొరపాటు. ప్లూటార్క్ డెల్ఫీ గుడిలో పూజారిగా చేసినవాడు. ఆయన కాలంలో అపోలో తరఫున సోదె చెప్పిన పిథియా ఒక పేద రైతు ఇంట్లో పెరిగిన ఆడమనిషి అని ఆయనే రాశాడు. చదువు లేదు, కవిత్వం రాదు, వట్టి పల్లెటూరి పిల్ల. రాజులు, రాజ్యాలు ఆవిడ నోటి మాట కోసం బారులు తీరాయి. అంటే ఆ గుడికి గొంతు ఇచ్చిందే ఆ కొండ పల్లె. ఆ పల్లె వారసుల్నే గుడి చూడ్డానికి అడ్డమని లేపేశారు. (అదే ప్లూటార్క్ డెల్ఫీ గైడ్ల గురించి కూడా రాశాడు. కంఠతా పట్టిన ప్రసంగం కాస్త కుదించండయ్యా అని వచ్చినవాళ్ళు బతిమాలినా వినకుండా ప్రతి శాసనం దగ్గరా ఆగి చదివేవాళ్ళట. పందొమ్మిది వందల ఏళ్ళ నాటి సంగతి! అక్కడ కాలం ఆగిపోయిన విషయం ఏదైనా ఉంటే అది గైడ్ల ప్రసంగమే.)

సరే, డెల్ఫీ వదిలేద్దాం. టూరిస్టు ఊరు కాని "అసలైన సంప్రదాయ గ్రామం" సంగతి చూద్దాం. ఆ మాట కవి నోట పుట్టలేదు, గెజిట్‌లో పుట్టింది. 1978లో గ్రీసు ప్రభుత్వం వందల ఊళ్ళను సంప్రదాయ నివాసాలుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ప్రకటించాక నిబంధనలు వస్తాయి: కప్పు ఎలా ఉండాలి, కిటికీ ఎంత ఉండాలి, గోడకు ఏ రాయి వాడాలి. నిబంధనలు తప్పని నేననడం లేదు, అవి లేకపోతే ఆ ఊళ్ళు కూడా మన శ్రీశైలం రోడ్డులా గాజు అద్దాల లాడ్జీలతో నిండేవి. కానీ ఆ ఏకరూపపు రాతిగోడను చూసి "వీళ్ళు మారలేదు" అనేవాళ్ళతోనే పేచీ. మారనివ్వలేదు. దానికోసం ఒక ఆఫీసు పనిచేస్తుంది.

గ్రీసు పర్యాటక సంస్థ 1975 నుంచి ఒక పథకం నడిపింది. జనం వదిలేసిన పాత ఇళ్ళను తీసుకుని, బాగుచేసి, అతిథి గృహాలుగా మార్చడం. సాంటోరినిలో ఈయా, ఖియోస్‌లో మెస్తా, పీలియన్ కొండల్లో విజిత్సా, మానీలో వాథియా. వాథియా ఫొటో మీరు చూసే ఉంటారు: కొండకొమ్మున గుత్తిగా నిలబడ్డ రాతి బురుజులు, వెనక సముద్రం. ఇన్‌స్టాలో ఎప్పుడూ తిరుగుతుంటుంది. ఎందుకంత నిర్మానుష్యంగా, అంత అందంగా ఉంది? ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు కనుక. ఆ బురుజులు కుటుంబాల మధ్య పగల కోసం కట్టుకున్నవి, ఎదురింటి మీద కాల్చడానికి వీలుగా. ఆ రాతినేల మీద పంట చాలక జనం దిగిపోయారు.

ఇక మిగతా కొండ ఊళ్ళు ఖాళీ అయిన కథ ఇంకా చేదుగా ఉంటుంది. 1946–49 అంతర్యుద్ధంలో గెరిల్లాలకు తిండి, సమాచారం అందకుండా చేయడానికి సైన్యం కొండ పల్లెల్ని ఖాళీ చేయించింది. లక్షల మంది పట్నాల అంచున డేరాల్లో పడ్డారు. యుద్ధం అయ్యాక చాలామంది తిరిగి రాలేదు. 1960లో జర్మనీతో కూలీల ఒప్పందం కుదిరింది. కొండల్లో మిగిలిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు మ్యూనిక్, స్టుట్‌గార్ట్ కార్ఖానాలకు రైలెక్కారు. ఇంకొందరు మెల్‌బోర్న్ ఓడ. ఆ అరుగు మీద నల్లబట్టల ముసలమ్మ ఒంటరిగా ఎందుకు కూర్చుందో ఇప్పుడు కాస్త తెలుస్తోందా? పాలమూరు నుంచి ముంబై బస్సు ఎక్కినవాళ్ళ ఊళ్ళోనూ, జగిత్యాల నుంచి దుబాయ్ పోయినవాళ్ళ ఊళ్ళోనూ అచ్చంగా అలాంటి అవ్వ కూర్చుని ఉంటుంది. ఆవిడను చూసి మనం కాలం ఆగిపోయిందని రాయం. వలస అని రాస్తాం. ఆ మాట మనకు వచ్చు కదా, గ్రీసు వెళ్తే ఎందుకు మర్చిపోతున్నాం?

అనాఫియోటికా కథ దీనికి తలకిందులు. అక్రోపొలిస్ ఈశాన్యపు వాలు మీద తెల్లటి బుల్లి ఇళ్ళు, పిల్లులు, మనిషి పక్కకు తిరిగితేగానీ పట్టని సందులు. "ఏథెన్స్ నడిమధ్యన ఒక దీవి పల్లె" అని రాయని ట్రావెల్ బ్లాగు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో రాజుగారి రాజధాని కట్టడానికి అనాఫీ దీవి నుంచి తాపీపనివాళ్ళు వచ్చారు. ఉండడానికి చోటు లేదు. పురాతత్వ స్థలం కాబట్టి అక్కడ ఇల్లు కట్టకూడదు. వాళ్ళు కట్టుకున్నారు, తమ దీవిలో ఎలా కట్టుకుంటారో అలాగే. మన భాషలో చెప్పాలంటే అక్రమ కట్టడాలు, గుడిసెల పేట. తర్వాత తవ్వకాల పేరుతో కొన్ని కూల్చారు, కొన్నిటిని ప్రభుత్వం కొనేసింది. మిగిలిన నాలుగిళ్ళు ఇప్పుడు సంప్రదాయం. కూలీల బస్తీ కూడా తగినన్ని ఏళ్ళు బతికి, తగినంత ఖాళీ అయితే వారసత్వ సంపద అవుతుందన్నమాట. హైదరాబాదులో మెట్రో కట్టినవాళ్ళ రేకుల షెడ్లకు ఆ అదృష్టం పట్టేట్టు లేదు.

డెల్ఫీకి పోయే దారి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో అసలు విషయం ఉంది. లివాడియా దాటాక రోడ్డు చీలే చోట గైడు బస్సులో మైకు అందుకుంటాడు. ఈడిపస్ తండ్రిని చంపిన మూడు దారుల కూడలి ఇదే అంటాడు. అందరూ కిటికీల వైపు వంగుతారు. ఆ చుట్టుపక్కల నుంచే దిస్తొమో ఊరికి దారి చీలుతుంది. 1944 జూన్ 10న జర్మన్ ఎస్ఎస్ దళం ఆ ఊళ్ళోకి దిగి ఇల్లిల్లూ తిరిగి రెండు వందలకు పైగా మనుషుల్ని చంపింది. గర్భిణులు, చంటిపిల్లలు. బతికినవాళ్ళు, వాళ్ళ వారసులు నష్టపరిహారం కోసం కోర్టుకెళ్ళారు. 1997లో లివాడియా కోర్టు జర్మనీ చెల్లించాలని తీర్పిచ్చింది. 2000లో గ్రీసు సుప్రీంకోర్టు అదే నిలబెట్టింది. ఏథెన్స్‌లోని గేటే ఇన్‌స్టిట్యూట్ భవనాన్ని జప్తు చేయించేదాకా వ్యవహారం వెళ్ళింది, కానీ గ్రీసు న్యాయమంత్రి అనుమతి ఇవ్వలేదు, తీర్పు అమలు కాలేదు. ఈడిపస్ చేసిన ఒక్క హత్యకు మైకు ఉంది, దిస్తొమోకు లేదు. తిరిగొచ్చి రాసిన మన వ్యాసంలోనూ ఉండదు. గైడు చెప్పలేదు కదా!

ప్రకృతి అనే మాట మీద కూడా ఒక మాట. డెల్ఫీ పైనుంచి ఇతేయా దాకా కనపడే ఆ వెండి రంగు పరుపును "ఆలివ్ అడవి" అని రాస్తున్నారు. అది తోట. ప్రతి చెట్టునూ ఎవరో నాటారు, కొమ్మలు కొట్టారు, శీతాకాలంలో కింద పట్టాలు పరిచి కాయ దులిపారు. మన కోనసీమ కొబ్బరితోటను ఎవరైనా అడవి అంటే ఊరుకుంటామా? ఇప్పుడు గ్రీసు పొలాల్లో ఆ పని చేసేవాళ్ళలో చాలామంది 1990 తర్వాత వచ్చిన అల్బేనియన్లు. సంప్రదాయ గ్రామాల రాతిగోడలు మళ్ళీ కట్టినవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. వాళ్ళ తర్వాత మన పక్కవాళ్ళు: పంజాబీలు, బంగ్లాదేశీలు. ఒలింపియా శిథిలాలు చూడ్డానికి అందరూ పోతారు. అదే జిల్లాలో మనోలాదా ఉంది, స్ట్రాబెర్రీ తోటల ఊరు. 2013 ఏప్రిల్‌లో ఆరు నెలల బకాయి జీతం అడిగిన బంగ్లాదేశ్ కూలీల మీద అక్కడ మేస్త్రీలు తుపాకులు పేల్చారు. ముప్ఫై మంది దాకా గాయపడ్డారు. 2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, ఈ కూలీలను బలవంతపు చాకిరీ నుంచి కాపాడడంలో గ్రీసు విఫలమైందని తీర్పిచ్చింది. కారు కిటికీలోంచి చూస్తే మనకు ఆ తోటలూ ప్రకృతే.

ఈ చూపు మనది కాదు, అరువు తెచ్చుకున్నాం. గ్రీసును ఇలా చూడ్డం బైరన్ తరం ఇంగ్లీషువాళ్ళు మొదలుపెట్టారు, హెన్రీ మిల్లర్ లాంటి అమెరికన్లు కొనసాగించారు: శిథిలం గొప్పది, ఇప్పటి గ్రీకువాడు అమాయకుడు, ఆతిథ్యం మెండు, చరిత్ర తెలియనివాడు. ఇదే చూపుతో వాళ్ళు మన ఊళ్ళనూ చూశారు. అమరావతి స్తూపం ఫలకాలు వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి పంపితే, మద్రాసు మీదుగా 1859లో లండన్ ఓడెక్కాయి. పార్థినాన్ శిల్పాలకు ఎల్గిన్ పేరు తగిలించినట్టే వీటికీ ఇలియట్ పేరు తగిలించారు. రెండూ ఇవాళ ఒకే మ్యూజియంలో ఉన్నాయి. గ్రీసుతో మనకు ఇంతకంటే దగ్గర చుట్టరికం ఇంకేం కావాలి? అయినా మనం అక్కడికి ఇలియట్ వైపు మనిషిలా వెళ్ళి అతని కళ్ళతోనే చూసి వస్తున్నాం.

ఇంకా దగ్గరగా రావాలంటే నాగార్జునకొండ. సాగర్ డ్యాం కోసం లోయ మునిగిపోతుందని 1954 నుంచి ఆరేళ్ళపాటు తవ్వి, ఇక్ష్వాకుల కట్టడాలను కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని ఒడ్డున అనుపుకు తెచ్చి మళ్ళీ పేర్చారు. రాళ్ళను ఇంత శ్రద్ధగా తరలించడం గొప్ప పనే. లోయలో ఊళ్ళూ ఉండేవి. వాళ్ళను తరలించిన శ్రద్ధ ఎంతో నల్లగొండ, పల్నాడు నిర్వాసితుల్ని అడగాలి. లాంచీ ఎక్కి ద్వీపానికి పోయి, అనుపులో మెట్ల ప్రాంగణం చూసి "అచ్చం గ్రీకు థియేటర్!" అని ఫొటో పెట్టినవాళ్ళు, ఆ పోలిక ఎంత లోతుగా నిజమో తెలియకుండానే పెట్టారు.

తెలుగులో యాత్రలు రాయడం నేర్పడానికి మనకు బైరన్ అక్కర్లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీ వెళ్ళి వస్తూ దారి పొడుగునా ఏం రాశాడు? ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, దిగడానికి చోటుందా, దారి బండికి పనికొస్తుందా, ఎవరి ఏలుబడి, సుంకం ఎంత. ఆయన పరవశించలేదని కాదు, భక్తుడే. అయినా ఊరు చేరగానే ఊరి లెక్క చూశాడు. అందుకే ఆ పుస్తకం ఇప్పటికీ బతికుంది. మన గ్రీసు వ్యాసాల్లో ఒక్కదాంట్లోనైనా ఆ ఊళ్ళో బడి నడుస్తోందా, పిల్లలెంతమంది, డాక్టరు ఎన్నాళ్ళకొకసారి వస్తాడు, మనం పడుకున్న గది ఎవరి తాతది, ఇప్పుడది ఎవరి చేతిలో ఉంది అన్న వాక్యం చూపించండి.

సెలవు పెట్టి, అప్పు చేసి వారం రోజులు ఊపిరి పీల్చుకోవడానికి వెళ్ళినవాడి నెత్తిన ఇంత చరిత్ర ఎందుకయ్యా అంటారా. నెత్తిన పెట్టుకోవద్దు. హాయిగా తిరిగి రండి, ఫొటోలు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు. కానీ సాహిత్య పత్రికకు వ్యాసం పంపడం వేరు. ఒక ఊరి గురించి రాస్తున్నామంటే కనీసం ఆ ఊరి పేరు ఎన్నిసార్లు మారిందో తెలుసుకుని రాయాలి. తెలుసుకుంటే అందం తగ్గుతుందని ఎవరు చెప్పారు? నాకైతే కాస్త్రి గురించి తెలిశాక ఆ కొండ ఇంకా పెద్దదైంది.

డెల్ఫీ గుడి కింద ఒక పొడుగాటి రాతిగోడ ఉంది. వంకర అంచుల రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, పజిల్ ముక్కల్లా. గోడ అందం మీద అందరూ రాస్తారు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ రాళ్ళ నిండా సన్నటి అక్షరాలు, వందల కొద్దీ శాసనాలు. చాలామటుకు బానిసల విడుదల పత్రాలు. బానిసను దేవుడికి "అమ్మినట్టు" రాసి విడుదల చేసేవాళ్ళు. పేరు, వెల, సాక్షులు, అన్నీ ఉంటాయి. చాలావాటిలో ఒక షరతు కూడా ఉంటుంది: విడుదలైనా సరే, యజమాని బతికున్నంత కాలం అతని దగ్గరే ఉండి చెప్పిన పని చేయాలి. 1840లో కార్ల్ ఆట్‌ఫ్రీడ్ మ్యూలర్ అనే జర్మన్ పండితుడు కాస్త్రి ఇళ్ళ మధ్య బయటపడిన ఈ గోడ ముందు కూర్చుని, జులై ఎండలో ఆ శాసనాలు ఎక్కించుకుంటూ కుప్పకూలాడు. ఏథెన్స్‌కు మోసుకెళ్ళారు, ఆగస్టు మొదట్లోనే చనిపోయాడు. మీరు వెళ్తే సాయంత్రం పూట వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితే అక్షరాలు బాగా కనపడతాయి. టోపీ మర్చిపోకండి.